జవాబు 200, చీటీలు రెండు: ఏపీఐలను పరీక్షించడం అంటే ఏమిటి

జూన్ నెల, రాత్రి పదకొండు దాటింది. తిరుపతిలో మా ఇంట్లో పడుకోబోతుంటే చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా నుంచి ఫోన్. "సార్, ఒకే ట్రాక్టరుకి రెండు చీటీలు వచ్చిండాయి. రెండిటికీ డబ్బులు పడతాయా అని రైతు నవ్వతా ఉండాడు" అన్నాడు కుర్రాడు. నాకైతే నవ్వు రాలేదు. ఆ కాటా చీటీల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి, అంతా బాగుంది అని చెప్పినవాణ్ణి నేనే. పోస్ట్‌మ్యాన్ అనే టూల్‌లో నేను రాసిపెట్టిన పరీక్షలు ఆ సాయంత్రం కూడా ఒక్కటి తప్పకుండా పచ్చగా, అంటే పాసైనట్టు, వచ్చాయి.

పచ్చగా వచ్చిన పరీక్ష వెనక తప్పు ఎలా దాక్కుంటుందో చెప్పాలంటే ముందు కాటా దగ్గర ఏం జరుగుతుందో చెప్పాలి. తోతాపురి లోడుతో ట్రాక్టర్ వచ్చి కాటా ఎక్కుతుంది, బరువు తీస్తారు. కాయలు దించాక ఖాళీ బండిని మళ్లీ ఎక్కిస్తారు. రెండింటి తేడాయే నికర బరువు. దాన్నిబట్టి చీటీ, చీటీని బట్టి డబ్బు. ఇదివరకు కార్బన్ కాగితం పెట్టి రాసేవారు. ఇప్పుడు కాటా దగ్గర ఒక ట్యాబ్ ఉంటుంది, ఆఫీసులో లెక్కల కంప్యూటర్ ఉంటుంది, రైతు ఫోన్‌కి మెసేజ్ పోతుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఎక్కడో ఉన్న ఒక సర్వర్‌ను అడుగుతాయి. సర్వర్‌ను ఏయే ప్రశ్నలు అడగవచ్చు, ఏ రూపంలో అడగాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది అన్న ఒప్పందాన్నే ఏపీఐ అంటాం. నెట్ మీదుగా అందుబాటులో ఉంటే వెబ్ సర్వీస్ అంటాం. వాడుకలో రెండు మాటలూ కలిసిపోయాయి.

దీనికి తెర ఉండదు, బటన్ ఉండదు. యాప్ అయితే చేత్తో నొక్కి చూస్తాం. తెర లేనిదాన్ని నొక్కేదెలా? అందుకే టూల్స్ పుట్టాయి.

అన్నిటికంటే పాతది, నా మటుకు ఇప్పటికీ అన్నిటికంటే నమ్మదగినది కర్ల్. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ దాన్ని 1998లో ఆ పేరుతో విడుదల చేశాడు. నల్లటి తెర మీద ఒక్క వరుస టైప్ చేస్తే అభ్యర్థన పోతుంది, జవాబు అక్కడే కనబడుతుంది. 2018 నుంచి విండోస్ 10లో కూడా అది ముందే ఉంటోంది, విడిగా దించుకోనక్కర్లేదు. కర్ల్ వచ్చిన తొలి ఏళ్లలో వెబ్ సర్వీసు అంటే ఎక్కువగా సోప్ పద్ధతి. ప్రతి మాటనూ ఎక్స్ఎంఎల్ అనే బరువైన కవరులో పెట్టి పంపాలి, చేత్తో రాస్తే ఎక్కడో ఒక గుర్తు తప్పుతుంది. ఆ బాధ తీర్చడానికి 2005లో సోప్‌యూఐ వచ్చింది. సర్వీసు వివరణ పత్రాన్ని చదివి కవర్లను అదే తయారు చేసి పెడుతుంది. పాత బ్యాంకు, బీమా వ్యవస్థలతో పని పడినవాళ్లకు దాని విలువ తెలుసు.

మరోపక్క 2000లో రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధన గ్రంథంలో రెస్ట్ అనే పద్ధతిని వివరించాడు. ప్రతి వస్తువుకీ ఒక చిరునామా, దాని మీద చేసే పనికి ఒక క్రియ. చూడాలంటే గెట్, కొత్తది చేర్చాలంటే పోస్ట్, మార్చాలంటే పుట్, తీసెయ్యాలంటే డిలీట్. ఎక్స్ఎంఎల్ కవరు పోయి జేసన్ అనే తేలికైన రాత పద్ధతి వచ్చింది. ఆ గాలిలో పుట్టిందే పోస్ట్‌మ్యాన్. మన పక్కనున్న బెంగళూరులో 2012లో అభినవ్ అస్థానా తన సొంత ఇబ్బంది కోసం క్రోమ్ బ్రౌజర్‌కు ఒక చిన్న జోడింపుగా రాసుకున్నాడు. ఇవాళ తిరుపతి అమీర్‌పేట అని పిలవదగ్గ ఏ శిక్షణ సెంటర్‌కు వెళ్లినా ఏపీఐ టెస్టింగ్ అంటే పోస్ట్‌మ్యాన్ అనే చెబుతారు. అక్కడే నాకు పేచీ. పోస్ట్‌మ్యాన్ నేర్పుతారు, టెస్టింగ్ నేర్పరు. కలం కొనిస్తే దరఖాస్తు రాయడం వచ్చేసినట్టు.

సరే, పరీక్ష అంటే ఏమిటి? అభ్యర్థన పంపడం పరీక్ష కాదు. పంపాక వచ్చే జవాబు ఇలా ఉండాలి అని ముందే రాసిపెట్టుకుని, వచ్చినదానితో పోల్చడం పరీక్ష. పోస్ట్‌మ్యాన్‌లో దీనికి చిన్న స్క్రిప్టు రాసే చోటుంటుంది. కొత్తవాళ్లు అక్కడ రాసే మొదటి షరతు, చాలాసార్లు ఆఖరి షరతు కూడా, స్టేటస్ 200 వచ్చిందా అని. 200 అంటే సర్వర్ దృష్టిలో పని సజావుగా జరిగిందని. అభ్యర్థనలోనే తప్పుంటే 400, నువ్వెవరో తెలియకపోతే 401, తెలిసినా నీకు హక్కు లేకపోతే 403, అడిగింది లేకపోతే 404, సర్వరే కూలితే 500.

ఈ నంబర్లు ఎవరో రాసిన ప్రోగ్రాం పంపేవి. రాసినవాడు పొరపాటు పడితే లోపల 'బండి నంబరు దొరకలేదు' అని రాసి, పైన మాత్రం 200 ముద్ర వేసి పంపుతాడు. అలాంటి ఏపీఐలు నేను బోలెడు చూశాను. ముద్ర చూసి కవరు విప్పకుండా పక్కన పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది 200 మాత్రమే చూసే పరీక్ష.

కవరు విప్పితే ఏం చూడాలి? మొదట, అంకె అంకెలాగే వచ్చిందా అన్నది. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలు దక్కేలా ప్రభుత్వం లెక్క కట్టింది. ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ వేర్వేరు గడులు. జేసన్‌లో 8ని అంకెగా పంపవచ్చు, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి అక్షరంగానూ పంపవచ్చు. కంటికి రెండూ ఒకటే. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రాం భాష మాత్రం అక్షరాలను కూడమంటే పక్కపక్కన అంటిస్తుంది. 8కి 4 కలిపితే 84! కిలో తోతాపురి 84 రూపాయలు. చిత్తూరు జిల్లా రైతు ఆ సాఫ్ట్‌వేర్‌కు గుడి కట్టేవాడు. మా అదృష్టం కొద్దీ అది పరీక్షలోనే దొరికింది. ఎందుకంటే నేను 4,270 కిలోల బండి ఒకటి ఊహించుకుని, ఫ్యాక్టరీ వాటా 34,160, ప్రభుత్వ వాటా 17,080, మొత్తం 51,240 అని కాగితం మీద వేసుకున్నాకే పరీక్ష రాశాను. జవాబును చూసి పరీక్ష రాస్తే తప్పు జవాబునే సరైనదని రాసుకుంటాం.

రెండోది మన భాషకు సంబంధించిన తంటా. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికి, ప్రతి గుణింతపు గుర్తుకు, ప్రతి హల్లు కింది పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు. 'వెంకటేశ్వర్లు' అన్న పేరులో అలాంటి ముక్కలు 13 ఉన్నాయి, అంటే 39 బైట్లు. రైతు పేరుకి 30 బైట్ల చోటు చాలులే అని ఎవరో పెట్టారు. సరిగ్గా పదో ముక్క దగ్గర తెగింది. మిగిలిందేమిటి? 'వెంకటేశ్వర'. అడ్డదిడ్డంగా తెగి ఉంటే ఎవరైనా పట్టేవాళ్లు. ఏడుకొండల కింద ఆ పేరు చూసి తప్పని ఎవరనుకుంటారు? చీటీలో పేరు ఒకటి, బ్యాంకు ఖాతాలో ఇంకొకటి అయ్యాక గానీ బయటపడలేదు. అప్పటినుంచి నా పరీక్షల్లో పంపిన పేరూ తిరిగి వచ్చిన పేరూ అక్షరం అక్షరం పోల్చే షరతు తప్పకుండా ఉంటుంది. పరీక్షకు 'టెస్ట్ యూజర్ వన్' అని ఇంగ్లిష్‌లో పేరు పెట్టే అలవాటు మానేశాను. అసలు వాడేవాళ్లెవరికీ లేని పేరు అది.

మూడోది గడియారం. సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో నడుస్తాయి, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. పగలు పనిచేసే దుకాణానికి ఈ తేడా తెలియదు. సీజన్‌లో కాటా తెల్లార్లూ నడుస్తుంది. జూన్ 21 తెల్లవారుజామున రెండు గంటలకు తూచిన బండి సర్వర్ లెక్కలో జూన్ 20 రాత్రి ఎనిమిదిన్నరది. అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర వరకు వచ్చిన ప్రతి చీటీ ముందురోజు జాబితాలోకి పోతుంది. రోజువారీ మొత్తం కలవక ఆఫీసులో గొడవ. దీన్ని పగలు పదకొండింటికి కూర్చుని పరీక్షిస్తే జన్మలో దొరకదు. అభ్యర్థనలో తేదీని మనమే రాసి పంపాలి. రాత్రి 11:59 ఒకటి, 12:01 ఒకటి, ఉదయం 5:29 ఒకటి, 5:31 ఒకటి. నాలుగు అభ్యర్థనలు, ఐదు నిమిషాల పని.

ఇప్పుడు ఆ రెండు చీటీల సంగతికి వస్తాను.

కాటా దగ్గర సిగ్నల్ బలహీనం. ట్యాబ్‌లో కుర్రాడు 'చీటీ ఇవ్వు' నొక్కాడు. అభ్యర్థన సర్వర్‌కు చేరింది, చీటీ తయారైంది, జవాబు బయల్దేరింది. దారిలో నెట్ పోయింది. ట్యాబ్‌కు తెలిసిందల్లా పది సెకన్లు గడిచాయి, జవాబు లేదు అని. తెర మీద 'మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చింది. కుర్రాడు బుద్ధిమంతుడు, మళ్లీ ప్రయత్నించాడు. సర్వర్ దృష్టిలో అది కొత్త అభ్యర్థన. రెండో చీటీ ఇచ్చి, రెండోసారీ నిజాయితీగా 200 పంపింది.

ఇక్కడ ఎవరి తప్పూ లేనట్టే కనబడుతుంది. పద్ధతిలోనే మెలిక ఉంది. గెట్, పుట్, డిలీట్ క్రియలకు ఒక గుణం ఉండాలని నియమం. ఒకసారి చేసినా పదిసార్లు చేసినా ఫలితం ఒకటే కావాలి. లిఫ్టు బటన్ లాంటిది, కంగారులో ఐదుసార్లు నొక్కినా లిఫ్టు ఒక్కసారే వస్తుంది. దీన్నే ఐడెంపొటెన్సీ అంటారు. పోస్ట్‌కు ఆ గుణం లేదు, నొక్కిన ప్రతిసారీ కొత్తది పుడుతుంది. డబ్బు చేతులు మారే చోట దీనికి వాడే ఉపాయం ఏమిటంటే, ప్రతి అభ్యర్థనకూ ఫోన్‌లోనే ఒక ప్రత్యేక గుర్తు తయారు చేసి జతపరచడం. సర్వర్ ఆ గుర్తును దాచుకుంటుంది. అదే గుర్తుతో మళ్లీ వస్తే కొత్త చీటీ ఇవ్వకుండా పాత చీటీనే తిరిగి చూపిస్తుంది.

మా డెవలపర్లు మర్నాడే ఇది పెట్టారు. నేను పరీక్ష రాశాను. ఒకే గుర్తుతో ఒక అభ్యర్థన, వెంటనే రెండోది. రెండు జవాబుల్లో చీటీ నంబరు ఒకటేనా? ఒకటే. పచ్చ. గుర్తు ఒకటే ఉంచి బరువు మార్చి పంపితే? తిప్పి కొట్టాలి, కొట్టింది. పచ్చ.

ఒకటి మిగిలింది. పోస్ట్‌మ్యాన్‌లో మామూలుగా కలెక్షన్ (ఒకచోట కూర్చిన అభ్యర్థనల కట్ట) నడిపితే అభ్యర్థనలు ఒకదాని తర్వాత ఒకటి పోతాయి. మొదటి జవాబు వచ్చాకే రెండోది బయల్దేరుతుంది. నిజ జీవితంలో మొదటిది సర్వర్‌లో ఇంకా పనిలో ఉండగానే రెండోది దిగబడుతుంది. అప్పుడు రెండూ 'ఈ గుర్తు ఇంతకుముందు చూశానా' అని అడిగితే రెండిటికీ 'లేదు' అనే సమాధానం వస్తుంది. ఇద్దరు ఒకే సీటు మీద ఒకే క్షణంలో తువ్వాలు వేసినట్టు. దీనికి జేమీటర్ వాడాను. 1998లో స్టెఫానో మజ్జోకి మొదలుపెట్టిన ఈ అపాచీ టూల్‌ను జనం లోడు పరీక్షలకే, అంటే ఒకేసారి ఎన్ని అభ్యర్థనలను సర్వర్ తట్టుకుంటుందో చూడటానికే, వాడతారు. కానీ ఇరవై అభ్యర్థనలను ఒక గేటు దగ్గర ఆపి, ఒక్కసారిగా వదిలే సదుపాయం దానిలో ఉంది. ఒకే గుర్తుతో ఇరవై వదిలాను. చీటీలు మూడు పుట్టాయి. డేటాబేస్‌లోనే ఒక గుర్తుకు ఒక వరుసే అన్న నిబంధన పెట్టాక గానీ అది ఆగలేదు.

లోడు మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. వంద అభ్యర్థనల్లో 95 అయిదోవంతు సెకనులో, మిగిలిన 5 పన్నెండేసి సెకన్లలో తిరిగొచ్చాయనుకోండి. సగటు 0.79 సెకను. రిపోర్టులో ఇది చూసి అందరూ సంతోషిస్తారు. కానీ మా ట్యాబ్ ఓపిక పది సెకన్లు. ఆ ఐదుగురూ మళ్లీ నొక్కేవాళ్లే. అందుకే సగటు చూడకండి, ఆలస్యమైన చివరి వరుసను చూడండి. ఇంకో జాగ్రత్త: ఇంట్లో వైఫై మీద లాప్‌టాప్ నుంచి వందల అభ్యర్థనలు వదిలితే మీరు కొలిచేది సర్వర్‌ను కాదు, మీ ఇంటి ఇంటర్నెట్‌ను.

ఎస్ఎంఎస్ పంపే సర్వీసు, బ్యాంకు సర్వీసు మనవి కావు. పరీక్ష నడిపిన ప్రతిసారీ నిజమైన రైతుకు మెసేజ్ పోకూడదు. అందుకని వాటి స్థానంలో డమ్మీ సర్వర్ పెడతాం. వైర్‌మాక్ లాంటివి ఆ పనికే ఉన్నాయి. డమ్మీ వల్ల అసలు లాభం మెసేజ్ ఖర్చు ఆదా కావడం కాదు. బ్యాంకు సర్వర్‌ను 'కాస్త ఇప్పుడు కూలిపో' అని అడగలేం, డమ్మీని అడగగలం. 'ముప్పై సెకన్లు మౌనంగా ఉండు, ఆ తర్వాత 503 (ఇప్పుడు సేవ అందదు) ఇవ్వు' అని చెబితే చెప్పినట్టు చేస్తుంది. అయితే డమ్మీకి అవతలివాళ్ల ఏపీఐ మారిన సంగతి తెలియదు. అప్పుడప్పుడూ అసలు దానితోనూ సరిచూసుకోవాలి.

భద్రత గురించి ఒక్కటే చెబుతాను, అది అన్నిటికంటే తరచుగా కనబడేది కాబట్టి. రైతు తన ఫోన్‌లో లాగిన్ అయి తన చీటీ చూస్తాడు. చిరునామా చివర చీటీ నంబరు ఉంటుంది. ఆ నంబరును ఒకటి పెంచి పంపితే పక్క రైతు చీటీ, ఖాతా వివరాలతో సహా వస్తే? లాగిన్ సరిగ్గానే ఉంది, జవాబు 200. కానీ ఇల్లు ఊడ్చుకుపోయింది. సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ ఏపీఐ ముప్పుల జాబితాలో 2019లోనూ, 2023లోనూ మొదటి స్థానం దీనిదే. పరీక్షించడం మహా తేలిక: ఇద్దరు రైతుల ఖాతాలు తయారు చేసుకుని, ఒకరి టోకెన్‌తో (లాగిన్ అయ్యాక సర్వర్ ఇచ్చే గుర్తింపు) ఇంకొకరి చీటీ అడగడం. 403 గానీ 404 గానీ రావాలి. నేను చూసిన కొత్త టెస్టర్లలో రెండో ఖాతా తయారు చేసుకునేవాళ్లు తక్కువ. ఒకే ఖాతాతో అన్నీ నడిపేస్తారు, అన్నీ పచ్చగా వస్తాయి.

ఆ టోకెన్లను కలెక్షన్‌లోనే అతికించి వాట్సాప్ గ్రూపులో పంచుకునే అలవాటు కూడా మానాలి. అది ఇంటి తాళంచెవి ఫొటో తీసి పంపడమే.

చేత్తో నడిపే పరీక్ష మొదటి వారం నడుస్తుంది, రెండో వారం మరిచిపోతాం. పోస్ట్‌మ్యాన్ కలెక్షన్‌ను కమాండ్ లైన్ (అదే ఆ నల్లటి తెర) నుంచి నడపడానికి న్యూమన్ ఉంది. డెవలపర్ కోడ్ మార్చిన ప్రతిసారీ అది తనంతట తానే నడిచేలా కట్టవచ్చు. పరీక్షలు కోడ్‌తో పాటు ఫైళ్లుగా ఒకేచోట ఉండాలనుకునేవాళ్లు బ్రూనో వైపు వెళ్తున్నారు, నాకూ అదే నచ్చుతోంది. ఏ టూల్ అయినా ఒకటి మాత్రం చూసుకోండి: పరీక్ష సర్వర్ చిరునామా, అసలు సర్వర్ చిరునామా ఒకే జాబితాలో పక్కపక్కన పెట్టకండి. నేను ఒకసారి పెట్టాను. అసలు కాటాలో ఊరూపేరూ లేని నలభై బండ్లు తూగాయి. వాటిని తీసేయించడానికి లెక్కల ఆఫీసులో ఆ రోజంతా నిలబడ్డాను.

తిరుపతి కాలేజీ పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు, దర్శనం టికెట్ల సైటు మీద సాధన చేయవచ్చా అని. కోటా తెరిచే రోజు ఎంత లోడు తట్టుకుంటుందో చూడాలని వాళ్ల సరదా. వద్దు. అది మన సర్వర్ కాదు. అనుమతి లేకుండా ఎవరి సర్వర్‌నైనా అడ్డుకోవడం, ఇతరులకు అందకుండా చేయడం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. అక్కడ కొండ కింద క్యూలో ఉన్న భక్తుడి ఉసురు వేరే. సాధనకు పోస్ట్‌మ్యాన్ ఎకో, హెచ్‌టీటీపీబిన్ లాంటివి ఉన్నాయి, పంపిందాన్ని తిరిగి మనకే చూపిస్తాయి. అంతకంటే మంచిది, సొంతంగా ఓ చిన్న చీటీల ఏపీఐ రాసుకుని దాన్నే పరీక్షించుకోవడం.

గుర్తు పెట్టాం, నిబంధన పెట్టాం, ఇరవై ఒకేసారి వదిలినా ఒకే చీటీ. పది రోజులు హాయిగా గడిచాయి. పదకొండో రాత్రి మళ్లీ ఫోన్. మళ్లీ రెండు చీటీలు. ఏపీఐ పరీక్షలన్నీ నడిపాను, పచ్చ. సర్వర్ రికార్డు తీసి చూస్తే రెండు అభ్యర్థనల గుర్తులూ వేర్వేరు. మర్నాడు పొద్దున బస్సెక్కి చిత్తూరు పోయి కాటా దగ్గర కుర్రాడి పక్కన కూర్చున్నాను. రెండు గంటలు చూశాక అర్థమైంది. జవాబు రాకపోతే అతను 'మళ్లీ ప్రయత్నించండి' నొక్కడం లేదు. యాప్‌ను పూర్తిగా మూసేసి మళ్లీ తెరుస్తున్నాడు. "అట్ల చేస్తే బిరీన వస్తాది సార్" అన్నాడు. యాప్ మూసేసరికి గుర్తు చెరిగిపోతోంది, తెరిస్తే కొత్త గుర్తు పుడుతోంది. సర్వర్ తప్పు ఇసుమంతైనా లేదు. నా టూల్‌లో ఆ అభ్యర్థనను ఎన్ని లక్షలసార్లు నడిపినా ఇది దొరికేది కాదు, ఎందుకంటే నా టూల్ ఎప్పుడూ యాప్‌ను మూసి తెరవదు.

ఇప్పుడు గుర్తును ట్యాబ్‌లో దాచిపెడుతున్నారు. దానికి తోడు బండి నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు మూడూ అచ్చంగా ఒకటే అయి పది నిమిషాల్లోపు మళ్లీ వస్తే సర్వర్ 409, అంటే ఉన్నదానితో పొసగడం లేదు అన్న జవాబు, పంపుతుంది. తెర మీద 'ఈ బండికి చీటీ ఇచ్చారు, చూడండి' అని పాత చీటీ కనబడుతుంది. కుర్రాడు దాన్ని చూసి, కాదు ఇది వేరే అని ఒప్పుకుంటేనే రెండోది పుడుతుంది. 409 రావాలి అన్న పరీక్షను కలెక్షన్‌లో మొట్టమొదట పెట్టాను.